2,46,65,940 లోపల ఏముంది? పెద్ద సంఖ్యను కాగితం మీద విప్పే పద్ధతి

ఒక పెద్ద పూర్ణసంఖ్యను చేతిలో పెట్టి దీని ధర్మాలు చెప్పమంటే, చాలామంది ఒక్కో ధర్మాన్నీ విడివిడిగా వెతకడం మొదలుపెడతారు. భాజకాలెన్ని, ఇది వర్గమా కాదా, దీనితో పరస్పర ప్రధానమైన సంఖ్యలెన్ని... ఇలా ఒక్కోదానికీ ఒక్కో తంటా. అంత శ్రమ అక్కర్లేదు. ప్రధాన కారణాంకాల విభజన ఒక్కటి చేతికొస్తే మిగతావన్నీ నాలుగైదు గుణకారాలతో తేలిపోతాయి. కాబట్టి ఓపికంతా ఆ విభజన మీదే పెట్టాలి.

ఇక్కడ 2,46,65,940ని మొదటి నుంచి చివరిదాకా విప్పి చూపిస్తాం. దీనికి పేరుప్రతిష్ఠలేమీ లేవు, ఎంచుకున్నదీ అందుకే. పేరున్న సంఖ్యల మీద నేర్చుకున్న చిట్కాలు చాలావరకు ఆ సంఖ్యకే పనికొస్తాయి. కాగితం, పెన్సిల్, 101 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక (మొత్తం 26) ఉంటే చాలు. మామూలు కాలిక్యులేటర్ ఉంటే పని త్వరగా అవుతుంది, లేకపోయినా ఆగదు.

ముందు రెండు శేషాలు రాసిపెట్టుకోండి

భాగించడం మొదలుపెట్టే ముందే సంఖ్య పక్కన రెండు శేషాలు వేసుకోండి: 9తో ఒకటి, 11తో ఒకటి. 9తో శేషానికి అంకెల మొత్తం చూడాలి: 2+4+6+6+5+9+4+0 = 36, అంటే శేషం 0. 11తో శేషానికి కుడి నుంచి ఎడమకు అంకెలను ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోవాలి: 0−4+9−5+6−6+4−2 = 2. శేషం 2.

రెండూ ఎందుకంటే, సంఖ్యను ఎక్కించేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారైతే 9కి ఆ సంగతి తెలియదు. ఇదే సంఖ్యను పొరపాటున 2,46,56,940 అని రాశారనుకోండి. అంకెల మొత్తం మళ్లీ 36 వస్తుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ 11తో చూస్తే 0−4+9−6+5−6+4−2 = 0. ఇందాక వచ్చిన శేషం 2, కాబట్టి తప్పు దొరికిపోయింది. పట్టుకోకపోతే ఏమయ్యేదో చూడండి: లేని 11 కారణాంకంగా వచ్చి కూర్చునేది, అక్కడి నుంచి వేసిన ప్రతి లెక్కా తప్పేది.

చవగ్గా వచ్చే కారణాంకాలు ముందు తీసేయండి

చివర 0 ఉంది కాబట్టి 10 పోతుంది. చివరి రెండంకెలు 40, అది 4తో పోతుంది. చివరి మూడంకెలు 940ని 8తో భాగిస్తే శేషం 4 (8×117 = 936). అంటే సంఖ్యలో 2 సరిగ్గా రెండుసార్లే ఉంది. 40ని 25 భాగించదు కాబట్టి 5 ఒక్కసారే ఉంది. 20తో భాగిస్తే 12,33,297 మిగులుతుంది.

అంకెల మొత్తం 36 కాబట్టి 9 కూడా పోతుంది. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. 3కీ 9కీ అంకెల మొత్తం సూత్రం పనిచేస్తుంది కదా అని 27కీ వాడేస్తారు. పనిచేయదు. 9,981 అంకెల మొత్తం 27, అయినా 27తో భాగిస్తే శేషం 18. 10ని 3తో గానీ 9తో గానీ భాగిస్తే శేషం 1 వస్తుంది కాబట్టే అంకెల మొత్తం పనికొస్తోంది. 27తో భాగిస్తే శేషం 10, ఇక ఆ సూత్రానికి ఆధారమే లేదు. చేయాల్సింది ఏమిటంటే 9తో భాగించి, వచ్చిన భాగఫలాన్ని మళ్లీ 3తో చూడడం. 12,33,297 ÷ 9 = 1,37,033. దీని అంకెల మొత్తం 17, ఇంకో 3 లేదు.

ఇప్పటిదాకా 2²×3²×5 బయటికొచ్చాయి, 1,37,033 మిగిలింది. ఈ వరస ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఏ సంఖ్యకైనా దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. అసలు సంఖ్య వర్గమూలం 4,966కి కాస్త ఎక్కువ, 5,000 లోపు ప్రధాన సంఖ్యలేమో 669. మిగిలిన 1,37,033 వర్గమూలం 370 చిల్లర, అంతవరకు ప్రధాన సంఖ్యలు 73. అందుకే ఒక కారణాంకం దొరికిన ప్రతిసారీ హద్దును కొత్తగా లెక్కేసుకోవాలి. మొదట వేసుకున్న హద్దునే పట్టుకుని పోతే వందల భాగహారాలు వృథా.

7, 11, 13లను ఒకే దెబ్బతో చూడడం

7×11×13 = 1001. అందుకే సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, గుంపులను ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే, వచ్చే చిన్న సంఖ్య ఈ మూడింటికీ ఒకేసారి జవాబు చెబుతుంది. 137|033 తీసుకుంటే 33−137 = −104. గుర్తు వదిలేయండి. 104ని 7తో భాగిస్తే శేషం 6, 11తో శేషం 5, 13తో సరిగ్గా 8. కాబట్టి 13 కారణాంకం: 1,37,033 ÷ 13 = 10,541.

ఈ పద్ధతిలో మనవాళ్లు జారిపడే చోటు కామా దగ్గర. మనం లక్షలు, కోట్ల లెక్కలో మొదటి మూడంకెల తర్వాత రెండేసి అంకెలకు కామా పెడతాం. గుంపులు కూడా ఆ కామాల ప్రకారమే తీస్తే 940−65+46−2 = 919 వస్తుంది. దాన్ని 13తో భాగిస్తే శేషం 9, అంటే 13 లేదనే తప్పు జవాబు. సరైన గుంపులు 24|665|940. అప్పుడు 940−665+24 = 299 = 13×23. పైగా 299ని 11తో భాగిస్తే శేషం 2, మొదట్లో రాసిపెట్టుకున్న శేషమే. ఈ పద్ధతి వాడేటప్పుడు కామాలన్నీ తీసేసి, సంఖ్యను విడిగా ఒకసారి రాసుకోవడం మేలు.

దొరికిన కారణాంకాన్ని మిగిలినదాని మీద ఇంకోసారి ప్రయోగించడం మరవకండి. 10,541కి 541−10 = 531. 13×40 = 520, శేషం 11. రెండో 13 లేదు.

10,541 దగ్గర ఆగి ఆలోచించాలి

102² = 10,404, 103² = 10,609. కాబట్టి హద్దు 102. 17, 19, 23 అంటూ వరసగా భాగించుకుంటూ పోవచ్చు. 17తో శేషం 1, 19తో 15, 23తో 7, 29తో 14, 31తో మళ్లీ 1... ఇలా పదహారు ప్రధాన సంఖ్యలు విఫలమయ్యాక పదిహేడోదైన 83 దగ్గర శేషం 0 వస్తుంది. తప్పేమీ లేదు, కాకపోతే విసుగు. విసుగు పుట్టిన చోటే భాగహారంలో పొరపాట్లూ పుడతాయి.

ఇక్కడ ఫెర్మా పద్ధతిని ఒకసారి ప్రయత్నించడం మంచిది. బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయగలిగితే అది (మొత్తం)×(భేదం) రూపంలో విడిపోతుంది. వర్గమూలానికి పై సంఖ్య నుంచి మొదలుపెట్టి, ఒక్కోదాని వర్గం లోంచి మన సంఖ్యను తీసేసి, మిగిలింది వర్గమేమో చూడాలి:

103² − 10,541 = 68
104² − 10,541 = 275
105² − 10,541 = 484

ఏ వర్గమూ 2, 3, 7, 8లతో ముగియదు కాబట్టి 68ని చూడగానే కొట్టేయొచ్చు. 5తో ముగిసే వర్గం చివర 25 ఉండాలి. 275 చివర 75 ఉంది, అదీ పోయింది. 484 మాత్రం 22². కాబట్టి 10,541 = (105−22)×(105+22) = 83×127. పదిహేడు భాగహారాల పని మూడు తీసివేతలతో ముగిసింది.

అలాగని దీన్ని ప్రతిచోటా వాడకండి. రెండు కారణాంకాలూ వర్గమూలానికి దగ్గరగా ఉంటేనే ఇది త్వరగా తేలుస్తుంది. ఒకటి చిన్నదై రెండోది చాలా పెద్దదైతే ఫెర్మా పద్ధతి మామూలు భాగహారం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మెట్లు తీసుకుంటుంది. చిన్న ప్రధాన సంఖ్యలన్నీ తీసేశాక పది మెట్లు ఫెర్మాతో చూడండి. తేలకపోతే పట్టిక దగ్గరికి తిరిగి వచ్చేయండి.

83, 127 ప్రధాన సంఖ్యలేనా? విడిగా భాగించి చూడక్కర్లేదు. 10,541కి 17 కన్నా చిన్న ప్రధాన కారణాంకం లేదని ముందే తేలింది, కాబట్టి వీటికీ ఉండదు. 17² = 289, ఇవి రెండూ అంతకన్నా చిన్నవి. అంటే ప్రధాన సంఖ్యలే.

2,46,65,940 = 2² × 3² × 5 × 13 × 83 × 127

తిరిగి గుణించి చూడడం ఒక పద్ధతి. అంతకన్నా త్వరగా అయ్యేది 11తో శేషాలు తీయడం. 4×9 = 36, శేషం 3. 3×5 = 15, శేషం 4. 13కి శేషం 2, కాబట్టి 8. 83కి శేషం 6: 8×6 = 48, శేషం 4. 127కీ శేషం 6: 4×6 = 24, శేషం 2. మొదట రాసుకున్నదీ 2. లెక్క తాళా పడింది.

ఇక ధర్మాలు వరసగా

భాజకాల సంఖ్య: ఒక్కో ఘాతాంకానికి 1 కలిపి గుణించాలి. 3×3×2×2×2×2 = 144. ఆ 1 ఎందుకంటే, ఒక భాజకాన్ని తయారుచేసేటప్పుడు ఫలానా ప్రధాన సంఖ్యను అసలు వాడకపోవడం కూడా ఒక ఎంపికే. 144 చాలా ఎక్కువనిపిస్తుంది గానీ, 1,10,880కి కూడా 144 భాజకాలే. 2⁵×3²×5×7×11 అనే విభజనలో అన్నీ చిన్న ప్రధాన సంఖ్యలే ఉండడం దాని బలం. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలున్న ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో తన పెద్ద పరిశోధనా పత్రం వెలువరించారు. మన సంఖ్య 1,10,880కి రెండు వందల రెట్లకు పైగా పెద్దదైనా, 83, 127 లాంటి బరువైన కారణాంకాల వల్ల భాజకాలు పెరగలేదు.

భాజకాల మొత్తం: 2²కి 1+2+4 = 7, 3²కి 1+3+9 = 13, మిగతావాటికి ఒకటి కలిపితే చాలు. 7×13×6×14×84×128 = 8,21,88,288. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 5,75,22,348, అది మూల సంఖ్య కన్నా ఎక్కువ. కాబట్టి ఇది సమృద్ధ సంఖ్య. ఆ ఒక్క సంగతే కావాలంటే ఇంత లెక్క అనవసరం: 6 పరిపూర్ణ సంఖ్య (తనను వదిలేసి మిగతా భాజకాల మొత్తం తనకే సమానం), 6 కన్నా పెద్దదైన దాని గుణిజం ఏదైనా సమృద్ధమే. సాధారణంగా జరిగే తప్పు 2²కి 7 బదులు (1+2)² = 9 వేసేయడం.

పరస్పర ప్రధాన సంఖ్యలు: ఈ సంఖ్య కన్నా చిన్నవై, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? ఆయిలర్ సూత్రం ప్రకారం 2²కి 2, 3²కి 6, 5కి 4, 13కి 12, 83కి 82, 127కి 126. గుణిస్తే 59,51,232. అంటే వందకు 24 చొప్పున.

వర్గమా? చివర ఒక్క సున్నాయే ఉంది, వర్గానికి చివర సున్నాలు సరిసంఖ్యలో ఉండాలి. అక్కడే తేలిపోయింది. వర్గం చేయాలంటే ఘాతాంకం బేసిగా ఉన్న 5, 13, 83, 127ల లబ్ధం 6,85,165తో గుణించాలి. అప్పుడు 41,10,990 వర్గం వస్తుంది.

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? లేదు. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన సంఖ్య ఏదైనా బేసి ఘాతంలో ఉంటే కుదరదు. 83 ఒక్కటి చాలు ఆపడానికి, 127 కూడా అలాంటిదే. రెండు వర్గాల భేదంగా మాత్రం 24 రకాలుగా రాయొచ్చు. సంఖ్యను 4తో భాగిస్తే వచ్చే 61,66,485కి 48 భాజకాలు, అంటే 24 జతలు. ప్రతి జత నుంచీ ఒక భేదం వస్తుంది. అన్నిటికన్నా దగ్గరి జత 1,905, 3,237. వాటి మొత్తం 5,142, తేడా 1,332. 5,142² − 1,332² = 2,64,40,164 − 17,74,224 = 2,46,65,940.

దశాంశ భిన్నం: 1ని ఈ సంఖ్యతో భాగిస్తే ఏమవుతుంది? 2, 5ల ఘాతాంకాల్లో పెద్దది 2 కాబట్టి మొదటి రెండు దశాంశ స్థానాలు ఆవర్తనంలో పడవు. ఆ తర్వాతి ఆవర్తనం పొడవుకు మిగతా కారణాంకాల ఆవర్తనాల క.సా.గు. తీయాలి: 9కి 1, 13కి 6, 83కి 41, 127కి 42. క.సా.గు. 1,722. అంటే 1,722 అంకెల గుంపు మళ్లీ మళ్లీ వస్తుంది. ఇది భాగించుకుంటూ పోయి కనుక్కునే విషయం కాదు. విభజన చేతిలో ఉంటే మాత్రం ఒక్క వరస లెక్క.

బైనరీలో: 1 0111 1000 0101 1111 0101 0100. మొత్తం 25 స్థానాలు. చివర రెండు సున్నాలున్నాయి, 2 ఘాతాంకం కూడా 2. ఈ రెండూ సరిపోలకపోతే మార్పిడిలో ఎక్కడో ఒక శేషం జారిపోయినట్టే.

మిగిలిన ముక్క లొంగకపోతే

చిన్న ప్రధాన సంఖ్యలన్నీ తీసేశాక పది, పన్నెండు అంకెల ముక్క మిగిలిందనుకోండి. దాన్ని విడగొట్టే ముందు అసలది ప్రధాన సంఖ్యేమో పరీక్షించాలి. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, బేసి ప్రధాన సంఖ్య అయితే 2ను దానికన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి దానితోనే భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే ఖచ్చితంగా సంయుక్త సంఖ్య. వస్తే? అప్పుడే ప్రధాన సంఖ్య అని రాసేయకండి.

341ని చూడండి. 2¹⁰ = 1024 = 3×341+1, కాబట్టి 2³⁴⁰కి కూడా శేషం 1. పరీక్ష నెగ్గింది. అయినా 341 = 11×31. ఆధారాన్ని, అంటే ఘాతానికి పెంచే ఆ 2ను మార్చి ఇంకో సంఖ్య తీసుకుంటే బయటపడుతుందిలే అనుకుంటే 561 ఉంది. 3, 11, 17లతో భాగింపబడని ఏ ఆధారం తీసుకున్నా అది ఈ పరీక్ష నెగ్గేస్తుంది.

మిల్లర్–రాబిన్ పరీక్ష ఈ కన్నాన్ని పూడుస్తుంది. 340 = 4×85. ముందు 2⁸⁵ శేషం తీయాలి. 2¹⁰కి శేషం 1 కాబట్టి 2⁸⁰కీ 1, మిగిలింది 2⁵ = 32. అది 1 కాదు, 340 కూడా కాదు. దాన్ని వర్గం చేస్తే 1024, శేషం 1. ప్రధాన సంఖ్యతో లెక్క వేసేటప్పుడు వర్గం శేషం 1 అవ్వాలంటే ఆ సంఖ్య శేషం 1 గానీ, ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువ గానీ అయి తీరాలి. 32 ఆ రెండూ కాదు, కాబట్టి 341 సంయుక్తం. ఇక్కడ కారణాంకాలు కూడా ఉచితంగా వచ్చాయి: 32−1 = 31, 32+1 = 33 = 3×11. 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలతో ఈ పరీక్ష చేస్తే 3,21,50,31,751 కన్నా చిన్న సంఖ్యలన్నిటికీ జవాబు తప్పదు.

సంయుక్తమని తెలియడం వేరు, కారణాంకాలు తెలియడం వేరు. 2⁶⁷−1 సంయుక్తమని ఎడ్వర్డ్ లూకస్ 1876లోనే తేల్చారు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపించేసరికి 1903 వచ్చింది.

కంప్యూటర్ మీద చేసేవాళ్లకు అంకెల హద్దులు అడ్డొస్తాయి. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది, ఆపైవాటిని చెప్పకుండా సున్నాలు చేసేస్తుంది. దాంతో ఏ పెద్ద సంఖ్యయినా 10తో భాగింపబడుతున్నట్టు కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలు 2⁵³, అంటే 9,00,71,99,25,47,40,992 దాటాక నమ్మదగ్గవి కావు. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు ఆ బెడద లేదు గానీ, అక్కడ కూడా వర్గమూలాన్ని దశాంశాల్లో తీస్తే పెద్ద సంఖ్యల దగ్గర చివరి అంకె తేడా వస్తుంది. పూర్ణసంఖ్యల వర్గమూలం ఇచ్చే విడి ఫంక్షన్‌నే వాడండి. లేకపోతే హద్దు ఒకటి తగ్గిపోయి, ఒక ప్రధాన సంఖ్య వర్గాన్నే ప్రధాన సంఖ్య అని ప్రకటించేస్తారు.